ఉసేనప్ప కుడికాలు

“...మోకాలి చిప్ప దాటినాక రెండెముకలు తాతా. లావుది ముందర, సన్నది బయటి పక్క. వాటెనక పిక్క కండ. అది కిందికి దిగేకొద్దీ సన్నమై మడమకు పట్టుకుంటాది. అవునా, కాదా?”

“ఊఁ.”

“ఇంక పాదంలో ఎముకలు చెప్పాలంటే ఊపిరి చాలదు. అయినా చెప్తా, ఇను.”

“ఇంటాండా. నోటితో పాటు చేతులు గూడ ఆడనీ రోంత.”

మద్దిలేటి గబగబా చేతులాడించాడు. నోరు మాత్రం ఆపలేదు.

మధ్యాహ్నం పూట వాళ్లిద్దరికీ అది మామూలే. చుట్టుపక్కల ఎవరి చెయ్యి విరిగినా, కాలు బెణికినా ఉసేనప్ప కొట్టానికే వస్తారు. పొద్దున్నించి వచ్చినోళ్లకు కట్లు కట్టి కట్టి, ఎండ నెత్తికెక్కే యాలకు ముసలాయన చాప మీద వాలిపోతాడు. వెదురు బద్దల మూటే ఆయనకు తలగడ. శిష్యుడు మద్దిలేటి నువ్వుల నూనె గిన్నె తెచ్చుకొని ఆయన కాళ్లు పిసుకుతాడు. కొట్టంలో చేరిన దినం నుంచీ ఆ పని వాడిదే.

ఆ రోజు ఇద్దరికీ ఒళ్లు ఒళ్లుగా లేదు. తెల్లారకముందే జనం మొదలయ్యారు. ఒకడు పోతే ఇంకొకడు.

అందరికంటే కష్టపెట్టింది సుంకన్న. చింతకాయలు రాల్చడానికి చెట్టెక్కి కింద పడ్డాడు. పెళ్లాం పుల్లమ్మ అతన్ని బస్సు దింపి, ఆటో ఏదీ దొరక్క, వీపు మీద వేసుకొని కొట్టం దాకా మోసుకొచ్చింది.

“మెల్లగ దించే,” అని మొగుడు మూలుగుతూనే అరిచాడు. “మూట ఏసినట్టు ఏస్తాండావు.”

“మూటయితే నోరు మూసుకొని ఉంటాండె,” అంది పుల్లమ్మ రొప్పుతూ.

మద్దిలేటి అతని కాలు పట్టుకొని అట్లా తడిమాడో లేదో, “ముందరెముక తాతా, సరీగ్గా నడిమికి ఇరిగింది,” అన్నాడు. చెప్పింది నిజమే. ఉసేనప్ప తల ఊపి ఎముక సరిచేశాడు. గుడ్డు తెల్లసొన, మినప్పిండి కలిపిన గుడ్డ చుట్టి, బద్దలు పెట్టి బిగించాడు. ఆ గుడ్డ నీడపట్టున ఎండి గట్టిపడే దాకా రోగి కదలకూడదు.

పుల్లమ్మ మొగుడి తల దగ్గర కూలబడి ఉంది. వెలుతురుకు అడ్డమని మద్దిలేటి ఆమెను పక్కకు జరగమన్నాడు. గోడ పట్టుకొని లేచింది. “నీకేమన్నా దెబ్బ తగిలిందా పెద్దమ్మా?” అని వాడు బద్దలు ఏరుకుంటూనే అడిగాడు.

“నాకేం లేదు నాయనా, ఆయన్ని చూడు,” అంది.

వాడు ఆయన్ని చూశాడు.

ఇప్పుడు సుంకన్న బయట పందిరి కింద పడుకొని గురక పెడుతున్నాడు. కట్టు ఇంకా పచ్చిగానే ఉంది.

“తాతా,” అన్నాడు మద్దిలేటి, పాదం ఎముకలు కూడా అయిపోయాక. “మా మామోళ్ల ఊర్లో బస్టాండు కాడ రూమొకటి ఇస్తామన్నారు. ఆడ కట్లు కట్టేటోళ్లు ఎవురూ లేరంట. వచ్చే శుక్రారం నుంచి కూచోమంటాండారు.”

“కూచో.”

“ఉత్త చేతుల్తో పోయి ఎట్ల కూచునేది? నువ్వు బద్దలియ్యాల కదా.”

అది వాళ్ల పద్ధతి. గురువు తన బద్దల మూటలోంచి కొన్ని తీసి చేతికిస్తేనే శిష్యుడు సొంతంగా కట్టు కట్టాలి. అవి లేనోడి ముందర ఎవరూ కాలు చాపరు.

ఉసేనప్ప కళ్లు తెరవలేదు. “పోయినేడు అడిగితివి. ఉగాదప్పుడు అడిగితివి.”

“అప్పటికి కండలు నేర్చుకోలేదు తాతా. ఇప్పుడు వచ్చినాయి. ఎముకల పటం చూడకుండా నెత్తి నుంచి అరికాలు దాకా చెప్తా. యాడన్నా తప్పు పోయిందా, నువ్వే చెప్పు?”

“పోలేదు. ఎముకలన్నీ నీ నోట్లో బాగనే ఉండాయి.”

మద్దిలేటికి అది మెప్పో దెప్పో అర్థం కాలేదు. ఇంకొంచెం నూనె పోసుకున్నాడు. వేళ్లు లాగుతున్నాయి. వాడి నడుము కూడా లాగుతోంది. ఇంకెన్నాళ్లు ఈ కాళ్లు పిసకడం అనిపించి, కళ్లల్లో నీళ్లు తిరిగినంత పనయింది.

“సరే,” అన్నాడు ఉసేనప్ప కొంచేపటికి. “నా కాలొకటి విరిగింది, నీ అంత ఉన్నప్పుడు. నేనే కట్టుకున్నా. ఏ కాలో చెప్పు, బద్దలు ఎత్తుకపో.”

మద్దిలేటి నవ్వాడు. “నీ కాలు విరిగేదేంది తాతా? నాకు తెలీకుండానా? దినామూ పిసికేది నేనే కదా.”

“అందుకే నిన్ను అడిగేది.”

వాడి నవ్వు అట్లే ఉండిపోయింది. చేతులు ఆగిపోయాయి. ముసలాయన రెండు కాళ్లూ నూనెకు మెరుస్తూ వాడి ముందరే ఉన్నాయి, కొత్తగా ఎవరో తెచ్చి అక్కడ పెట్టినట్టు.

నోరు మూసుకున్నాడు. కళ్లు కూడా మూసుకున్నాడు. కుడి మోకాలి కింద నుంచి ముందరి ఎముక వెంబడే బొటనవేలు జార్చాడు. నున్నగా ఉంది. ఎడమ కాలికి వచ్చాడు. జానెడు దిగేసరికి వేలికి ఏదో తగిలి ఎక్కి దిగింది. చెరకు గడకు కణుపు ఉన్నట్టు, ఎముక మీద ముడి. చిన్నదేమీ కాదు. గుడ్డివాడికి కూడా తెలుస్తుంది.

ఇన్నేళ్లూ దాని మీదుగానే చేతులు పోయాయి, వచ్చాయి.

“ఈడ,” అన్నాడు. వేలు ఆ ముడి మీదే పెట్టాడు.

“ఊఁ. మరి నాకు ఏడ నొస్తాదో చెప్పు.”

“ఈడే కదా తాతా.”

ఉసేనప్ప ఆయాసపడుతూ లేచి కూర్చున్నాడు. మద్దిలేటి చెయ్యి పట్టుకొని ఆ ముడి మీద నుంచి తీశాడు. తీసి కుడికాలి పిక్క మీద పెట్టాడు. పైన తన చెయ్యి పెట్టి లోపలికి నొక్కాడు.

ఆ పిక్క మెత్తగా లేదు. నీళ్లల్లో నానిన మోకు ఎండకు బిగుసుకుపోతే ఎట్లుంటుందో అట్లుంది. రోంత గట్టిగా నొక్కేసరికి ముసలాయన పళ్లు బిగించాడు.

“దీనికేమైంది తాతా? ఇది గూడ విరిగిండెనా?”

“లే. దీనికి ఎప్పుడూ ఏం గాలే.”

“మరి?”

ఉసేనప్ప ఎడమకాలి వైపు చూపించాడు. “విరిగింది అది,” అన్నాడు. కుడికాలిని అరచేత్తో నిమిరాడు. “మోసింది ఇది.”

అంతే. మళ్లీ వాలిపోయి గోడ వైపు తిరిగాడు.

మద్దిలేటి చేతులు ఆ పిక్క మీదే ఉండిపోయాయి. బయట సుంకన్న గురక, దాని మధ్య మధ్య విసనకర్ర చప్పుడు. ఆ చప్పుడు ఆగింది. మళ్లీ వచ్చింది. మళ్లీ ఆగింది.

వాడు తలతిప్పి వాకిట్లోంచి చూశాడు. పుల్లమ్మ గుంజకు ఆనుకొని మొగుడికి విసురుతోంది. ఎడమ చేత్తో విసురుతోంది. కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది, ఆమెది కానట్టు. కుడి భుజం కిందికి జారి ఉంది. పొద్దున్నించీ అట్లే ఉండి ఉండాలి.

మద్దిలేటి లేచి నాలుగడుగులు వేశాడు. నూనె గిన్నె మరిచిపోయానని వెనక్కి వచ్చాడు. చాప మీద ముసలాయన మోచెయ్యి తల కింద పెట్టుకొని పడుకొని ఉన్నాడు. ఆయన తల కిందుండే బద్దల మూట ఇప్పుడు చాప అంచున, వాడు కూర్చున్న చోటికి జరిగి ఉంది.

వాడు వంగి నూనె గిన్నె ఒక్కటే తీసుకున్నాడు.

పందిరి కింద పుల్లమ్మ ముందర గొంతుక్కూర్చున్నాడు. పాపం, ఆమె మొగుడికేమైనా అయిందేమోనని ఉలిక్కిపడి కట్టు వైపు చూసింది.

“అది బాగనే ఉండాది పెద్దమ్మా,” అన్నాడు మద్దిలేటి మెల్లగా. నూనె చేతులు రెండూ రుద్దుకొని వెచ్చ చేసుకున్నాడు. “ఆ చెయ్యి ఇట్లియ్యి. నీకేడ నొస్తాంది?”

ఆమె చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. అది రాలేదు.

“నాకేం లేదు నాయనా, ఆయన్ని చూడు.”