గవర్నరు నక్క దొర బీడు చట్టం

సముద్రం అవతల ఉండే సింహం రాజుగారి ముద్ర వేసిన కాగితం ఒకటి చంకన పెట్టుకుని నక్క దొర ఓడ దిగాడు. ఏటి ఒడ్డున అడవి కొట్టించి పొగాకు వేయించాడు, బంగళా కట్టించాడు, ఆ కాగితం చూపించి నేనే గవర్నరునన్నాడు. అక్కడి జంతువులన్నీ కిక్కురుమనకుండా దండాలు పెట్టాయి. వాటినేమనాలో నాకైతే తెలీదు!

పొగాకు సంగతి తెలుసుగా, నేలలో సారమంతా లాగేస్తుంది. నాలుగు పంటలయ్యేసరికి దొర పొలంలో మొక్క జానెడు దాటలేదు. పక్కనే ఎద్దు భూరయ్య చేను ఉంది. అతను మూడేళ్ళు జొన్న వేసి, నాలుగో ఏడు నేలకు విశ్రాంతినిస్తాడు. దొర కన్ను దాని మీద పడింది.

ఒక పొద్దున్న గుమాస్తా కొంగ డప్పు కొట్టించి, రాజుగారి ముద్ర వేయించి తెచ్చిన కొత్త చట్టం చదివింది. "ఏడాది పాటు నాగలి పడని నేల ఎవరిదీ కాదు. ముందు నాగలి దింపినవాడిదే!"

భూరయ్య నోట్లో గడ్డి నోట్లోనే ఉండిపోయింది. "అయ్యో దొరా! అది బీడు కాదు, మా తాతల చేను. అలిసిపోయిందని పడుకోబెట్టాను."

"పడుకున్న నేల సోమరి నేల భూరయ్యా," అన్నాడు నక్క దొర. "ఎవర్రా అక్కడ, నాగళ్ళు తోలండి!"

ఆ పూటే దున్నేశారండీ! భూరయ్య గట్టు మీద కూలబడ్డాడు. ఉన్న గింజలు ఏడాదికి సరిపోతాయి, ఆ తర్వాత పెళ్ళాం పిల్లలు ఏం తినాలి? కళ్ళెదుట ఇంత ఘోరం జరిగితే జంతువులన్నీ మళ్ళీ దొరకే దండాలు పెట్టాయి!

దొర తన నాగళ్ళన్నీ కొత్త చేలోకే మళ్ళించాడు. బంగళా చుట్టూ మెట్ల దాకా ఉన్న, సారం పోయిన పాత పొలం వంక మళ్ళీ చూడలేదు.

సరిగ్గా ఏడాది తిరిగింది. దొర వరండాలో చుట్ట కాలుస్తుంటే మెట్ల కిందే నాగలి చప్పుడైంది.

"ఒరేయ్ భూరయ్యా! నా పొలంలో నీ నాగలేమిట్రా?"

"మీ పొలమా? ఏడాదిగా ఇందులో నాగలి పడలేదు కదండీ. మీ చట్టమేగా!"

చుట్ట జారి దొర ఒళ్ళో పడింది. "కొంగా! ఆ చట్టం కొట్టెయ్!"

"కొట్టెయ్యాలంటే రాజుగారి ముద్ర కావాలి దొరా," అంది కొంగ. "ఓడ వెళ్ళిరావడానికి ఆరు నెలలు. అసలు ఓడ దాకా ఎలా వెళ్తారు? రేవుకు పోయే దారి కూడా దున్నేశాడు. అక్కడా ఎప్పుడూ నాగలి పడలేదు మరి."

"దారి కూడానా!" దొర మెట్టు దిగబోయి, కింద నేలంతా ఇప్పుడు భూరయ్యదేనని గుర్తొచ్చి, ఒంటికాలి మీద ఆగిపోయాడు. "భూరయ్యా, నాయనా, నన్ను దిగనిస్తావా?"

"నా చేను నాకు రాసిచ్చి దిగండి."

గవర్నరంతటివాడు ఒంటికాలి మీదే నిలబడి రాసిచ్చాడు. భూరయ్య కాగితం కొమ్ముకు చుట్టుకుని తన చేనుకు వెళ్ళిపోయాడు.

నీతి: ఎదుటివాడి నేల లాక్కోవడానికి రాసిన చట్టం, రాసినవాడి నేలనూ వదలదు.