పదిహేడో నంబరు

ఇందుశేఖర్ డిగ్రీ కాలేజీలో లెక్చరరుగా చేరి మూడు నెలలైంది. అతని తరగతి మాత్రం ఇంకా ఒక్కటి కాలేదు. గోండు పిల్లలు కిటికీ పక్కన, ఉర్దూ మాట్లాడేవారు తలుపు పక్కన, ఇంగ్లీషు మీడియంవారు ముందు బెంచీల్లో కూర్చునేవారు. చోట్లు మార్పించాడు, ఆటలాడించాడు. మర్నాటికి ఎవరి చోటికి వారు చేరేవారు.

ఒకప్పుడు తనకు చదువు చెప్పిన రహమతుల్లా సారు దగ్గరకు వెళ్ళాడు.

"మీరొచ్చి ఐకమత్యం మీద నాలుగు మాటలు చెప్పాలి సార్."

"హాజరు ఎట్లా తీసుకుంటవు?"

"నంబర్లతో సార్. అరవైమందికీ ఒక్క నిమిషం చాలు." ఆ మాటలో కొంత గర్వం ఉంది.

మర్నాడు సారు తరగతికి వచ్చారు. రిజిస్టరు తీసుకుని, తెరవకుండానే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"ఈ రోజు రానిదెవరు?"

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇందుశేఖర్ రిజిస్టరు కోసం చెయ్యి చాచాడు. సారు ఇవ్వలేదు.

ముందు బెంచీలోని శ్రావ్య లేచింది. "పదిహేడు సార్. ఆ నంబరు ఈ మధ్య పలకడం లేదు."

"పదిహేడు పేరేంది?"

శ్రావ్యకు తెలియదు. ఇందుశేఖర్ తల దించుకున్నాడు.

"ఆకుపచ్చ సంచీ అమ్మాయి," అంది తలుపు పక్కనుంచి నఫీసా. "నా రికార్డులో బొమ్మలు వేసిచ్చింది."

"మడావి భీంబాయి," అన్నాడు కిటికీ పక్క కుర్రాడు, మెల్లగా. "మా పక్క గూడెం సార్. నాకు హాస్టలుంది, ఆమెకు సీటు రాలే. వాగొచ్చి బస్సు బందయింది. ఇగ చదువు మానేస్త అన్నది."

"ఇన్ని రోజులు చెప్పలేదేంరా?" అన్నారు సారు.

"ఎవ్వరూ అడగలే సార్."

నఫీసా లేచింది. "వాగు తగ్గేదాంక మా ఇంట్ల ఉండొచ్చు సార్. అమ్మీకి నేను చెప్తా."

"నా స్కూటీ మీద తీసుకొస్తా," అంది శ్రావ్య.

"నీ స్కూటీ వాగుల కొట్టుకపోతది," అన్నాడు కిటికీ పక్క కుర్రాడు. "గుట్ట మీదికెల్లి నడక దారుంది, రోజూ నడిచేంత దగ్గర కాదు గని. నేను చూపిస్త."

తరగతంతా నవ్వింది. సారు రిజిస్టరును ఇందుశేఖర్ చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

సోమవారం ఇందుశేఖర్ హాజరు తీసుకుంటున్నాడు.

"మడావి భీంబాయి."

"ఆగండి సార్, మెట్లెక్కుతున్నది!"

ఆ గొంతు ఏ వైపునుంచి వచ్చిందో అతనికి తెలియలేదు. పెన్ను మూసి, తలుపు వైపు చూస్తూ నిలబడ్డాడు.