చేపుకి రాని కాటుక

గోదావరి రెండు పాయలుగా చీలిన చోట ఒక లంక. లంకంటే గొప్పగా ఊహించుకోకండి. కాస్త తుంగ, కాస్త రెల్లు, మిగతాదంతా ఇసుక. యజమానుల్లేని గేదెల మంద ఒకటి అక్కడ బతికేది. వరదొస్తే బురద, ఎండొస్తే ఆకలి, మధ్యలో దొరికిన నాలుగు మంచి నెలల్లోనే ఈనాలి, పెంచాలి. ఆ ఏడు గడ్డి మాఘమాసంలోనే పసుపురంగుకి తిరిగింది. పుట్టిన పెయ్యలన్నిటికీ చాలదని అందరికీ అర్థమైపోయింది.

మందకి పెద్ద పోతయ్య అనే దున్న. కొమ్ములంత గట్టిది కాదు బుర్ర, కానీ మందంటే ప్రాణం. "అన్నిటినీ ఉంచితే అన్నీ పోతాయి. రేపు బాగా పాలిచ్చే పెయ్యల్నే ఉంచుకుందాం. మిగతావాటిని పాయ దాటించి అవతలి గట్టున వదిలేద్దాం" అన్నాడు.

అవతలి గట్టున నక్కలున్నాయి. ఆ మాట ఎవరూ పైకి అనలేదు.

"మూతికి పాలింకా ఆరని పెయ్య రేపు పాలిస్తుందో లేదో నీకెలా తెలుస్తుంది?" అన్నాడు వీరన్న. వాడు ముసలి ఎద్దు. నాగలి లాగలేని రోజున రైతు వదిలేస్తే ఈ మంద చేరాడు.

"నేను చెబుతాను తాతా" అంటూ రెల్లులోంచి నక్క వచ్చింది. "అవతల పెద్ద డెయిరీ ఫారం వెనక చాలాకాలం ఉన్నాను. అక్కడ పెయ్య తోకవెంట్రుక పీకి, దాని కుదురు పరీక్ష చేసి, పెద్దయితే ఎంత పాడో ముందే చెప్పేస్తారు. వాళ్ళు మిషన్లతో చూసేది నేను వాసనతో పట్టేశాను."

"ఆ ఫారం ఆవులు ఫ్యాను కింద పడుకుని దాణా తినేవి. వాటి వెంట్రుకలతో నేర్చిన చదువు ఎండలో తుంగ నమిలే గేదెలకి పనికొస్తుందా?" అన్నాడు వీరన్న.

"పనికిరాదు" అంది నక్క, ఏమాత్రం తడుముకోకుండా. "అందుకే మీ తల్లుల వెంట్రుకలు ముందు చూస్తాను. ఎవరి పాడి ఎంతో ఎవరికి వాళ్ళు నాతో చెప్పాలి. ఏ వాసనకి ఎంత పాడో తెలిస్తే, అదే వాసన పెయ్యల్లో వెతుకుతాను. మీరు చెప్పేది ఎంత నిజమో, నేను చెప్పేదీ అంతే నిజం."

"నీకేం ఇవ్వాలి బావా?" అన్నాడు పోతయ్య.

"నాకేమొద్దు. ఇరుగుపొరుగు వాళ్ళం."

"కూలి అడగనివాడిని చూస్తే నాకు భయంరా పోతయ్యా" అన్నాడు వీరన్న. "తల్లిని చూసి పిల్లని, పాడిని చూసి గేదెని అన్నారు పెద్దలు. మధ్యలో ఈ నక్కెందుకు? తల్లుల పొదుగులు మనమే చూసుకుంటే పోలా?"

మందంతా ఛీ ఛీ అంది. ఎందుకంటే ఆ మందలో ఒక కట్టుబాటుంది. దూడ తాగుతుంటే పక్కవాళ్ళు మొహం తిప్పుకోవాలి. కంటిచూపుకి నల్లరాళ్ళే పగులుతాయి, పొదుగెంత? అందుకే పాలున్న గేదె ఉన్నాయని చెప్పదు. లేని గేదెకి మాత్రం ఆ భయం లేదు, పోవడానికేముంది గనక!

నక్క వరసగా అడుగుతూ పోయింది.

ముందు రంగి. దాని పెయ్యకి పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. "నా పాలకేం బావా! ఇద్దరు బిడ్డల్ని పెంచొచ్చు. ఇదా? దీనికి కడుపులో పురుగులు, తిన్నది ఒంటబట్టదు" అంది.

నక్క తోకవెంట్రుక వాసన చూసి తలూపింది.

తరవాత కాటుక. దాని పాలు దూడ తాగగా మిగిలి ఇసుకలో కారేవి. కానీ కిందటేడు ఒక కొంగ "అబ్బ, ఎంత పాడే తల్లీ!" అన్న వారానికే దూడ చచ్చిపోయింది. అప్పట్నుంచి కాటుక ఒంటరిగా రెల్లు చాటుకి పోయి పాలిచ్చేది. ఈసారి పుట్టిన పెయ్య పేరు మల్లి. దాన్ని నాకీ నాకీ ఒంటిమీద వెంట్రుకలు నిలబెట్టేసింది, పిచ్చి తల్లి.

"నాకేం పాలు బావా. దాని గొంతు తడిస్తే గొప్ప" అంది.

"అంతేనా?"

"అంతే. మా వంశమే అంత."

నక్క దాని పొదుగు వైపు ఒకసారి చూసింది. దానికి కట్టుబాట్లేమిటి, నక్క కదా. చూసి, తోకవెంట్రుక వాసన పట్టి పక్క గేదె దగ్గరికి పోయింది.

తల్లుల వంతు అయ్యాక పెయ్యల వెంట్రుకలు చూసింది. "రంగి వాసన ఉన్నవి ఉంచండి. కాటుక వాసన ఉన్నవి పంపండి" అని చెప్పేసింది. చురుకైన పెయ్యలన్నీ ఒక పక్కకొచ్చాయి, అవతలి గట్టుకి పోవడానికి. మల్లి అందులో ముందుంది.

కాటుక పోతయ్య కాళ్ళకి అడ్డం పడింది. "అబద్ధం చెప్పాను పెద్దయ్యా! దిష్టికి భయపడి చెప్పాను. నా పాలు నేలపాలు అవుతాయి. నా బిడ్డ మంచి పాడిది!"

అది వినగానే మిగతా తల్లులూ "మేమూ అబద్ధమే చెప్పాం" అని ఏడ్చాయి. వాటిలో నిజంగా పాలున్నవీ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. ఎవరిది నిజమో ఆ దేవుడికి తెలియాలి.

"నిన్న ఒక మాట, నేడొక మాట. ఏది నమ్మను? సరే కాటుకా, అందరి ఎదురుగా పెయ్యని వదులు. నీకు పాలుంటే అన్నిటినీ ఆపేస్తాను" అన్నాడు పోతయ్య.

మొట్టమొదటిసారి మందంతా మొహం తిప్పుకోకుండా చూసింది. మల్లి పరుగెత్తి చన్ను పట్టింది.

పాలు పొదుగులోంచి చన్నుల్లోకి దిగాలంటే గేదె చేపుకి రావాలి. అది గేదె చేతిలో లేదు. మనసు కుదురుగా ఉంటేనే వస్తుంది. అన్ని కళ్ళు పొదుగు మీద పడేసరికి కాటుక వణికిపోయింది. మల్లి చప్పరించింది, తలతో గుద్దింది, ఈ చన్ను వదిలి ఆ చన్ను పట్టింది. చుక్క రాలేదు.

"కాస్త ఆగండి, భయంతో బిగబట్టింది" అన్నాడు వీరన్న. ఎవరూ వినలేదు. పొద్దు వాలుతోంది.

పెయ్యల్ని పాయ దాటించి, మంద వెనక్కి తిరిగింది. నడినీళ్ళలోకి వచ్చేసరికి గట్టు మీంచి మల్లి "అంబా" అని అరిచింది.

ఆ అరుపుకి కాటుక చేపుకొచ్చింది. నాలుగు చన్నుల్లోంచి పాలు ధారగా కారి, చుట్టూ నీళ్ళు తెల్లబడ్డాయి. మందంతా చూసింది.

"అయ్యో, నిజమే!" అని పోతయ్య వెనక్కి తిరిగి నీళ్ళు చిమ్ముకుంటూ పరుగెత్తాడు. గట్టెక్కేసరికి అరుపు ఆగిపోయింది, ఒక్క పెయ్యా కనబడలేదు. తుప్పల్లోంచి నక్క మూతి తుడుచుకుంటూ వచ్చింది.

"మోసం చేశావు!" అన్నాడు పోతయ్య.

"ఒట్టు, ఒక్క అబద్ధం ఆడలేదు" అంది నక్క. "అబద్ధాలన్నీ మీవి. వాటినే నమ్మకంగా మీకు తిరిగి అప్పజెప్పాను."

"పొదుగులు చూశావు కదరా, తెలిసీ నోరు మూసుకున్నావు" అన్నాడు వెనకాలే వచ్చిన వీరన్న.

"నన్ను అడిగింది వెంట్రుకల సంగతి తాతా" అని నక్క తుప్పల్లోకి పోయింది.

రంగి వాసన ఉన్న పెయ్యలు పెరిగి ఈనాయి. వాటి దూడలు పాలు చాలక ఒక్కొక్కటే రాలిపోయాయి. కాటుక మళ్ళీ చూలు కట్టలేదు.

దొంగరాళ్ళు వేసి తూకం అడిగినవాడు త్రాసుని తిట్టి లాభం లేదు.