తెర ఒకదానిది, కీబోర్డు ఒకదానిది

ప్రశ్న అడిగినవాళ్లకు విశ్వంభరస్వామి వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "ముందు చేతిలో పని కానివ్వు" అనేవారు. కొందరికి ఆ పనిలోనే జవాబు దొరికేది. దొరకనివాళ్లు మళ్లీ వచ్చి అడిగేవారు, ఆయన మళ్లీ పనిలోకే పంపేవారు.

మార్కాపురానికి అవతల, కొండ కిందున్న ఆ ఆశ్రమంలో స్వామి మాటలను పుస్తకంగా కూర్చే పని వకుళమ్మది. ఆమెకు డెబ్బై దాటాయి. టైపు కొట్టడం పడుచుతనంలో ఇన్‌స్టిట్యూట్‌లో పట్టుబడిన విద్య. వేళ్ల వైపు చూడదు, తెర వైపు చూడదు, చెప్పేవారి ముఖం వైపే చూస్తూ కొట్టుకుపోతుంది. ఆ ఉదయం ఆమె స్వామి ఎదుట నిలబడి, రాత్రంతా కూడగట్టుకున్న మాట బయటపెట్టింది.

"నాకు మరుపు వచ్చేసింది స్వామీ. నిన్న పొయ్యి మీద పాలు మరిచాను, మొన్న మా చెల్లెలి పేరే తట్టలేదు. మీరు చెప్పినవి కూడా ఇలాగే ఒక్కొక్కటీ జారిపోతే, ఇన్నేళ్లు మీ దగ్గర కూర్చున్నందుకు నాలో మిగిలేదేమిటి? ఈ పని ఇంకెవరికైనా అప్పగించండి."

అడగడమైతే అడిగింది గానీ, ఆ కుర్చీ వదులుకోవాలంటే ఆమెకు ప్రాణం పోతున్నట్టే ఉంది.

"ముందు దాహం అధ్యాయం కానివ్వమ్మా," అన్నారు స్వామి.

పుస్తకాల గదిలో రెండు కంప్యూటర్లున్నాయి. పాతదానిలో అచ్చుకు వెళ్లే పేజీలు, కొత్తదానిలో కొత్తగా రాసే అధ్యాయాలు. బల్ల చిన్నది కావడంతో రెండింటికీ కలిపి ఒకటే మానిటర్, ఒకటే కీబోర్డు. పక్కన అగ్గిపెట్టెంత డబ్బాలు రెండు. ఒకదాని మీట నొక్కితే తెర ఒక కంప్యూటర్ నుంచి రెండోదానికి మారుతుంది. ఇంకోదాని మీట నొక్కితే కీబోర్డు మారుతుంది. రెండూ నొక్కాలి. వకుళమ్మ అప్పటిదాకా పాతదానిలో తప్పులు దిద్దుతూ ఉంది. స్వామి వచ్చి కూర్చోగానే తెర కొత్తదానికి మార్చి, వేళ్లు కీల మీద పెట్టింది.

స్వామి కళ్లు మూసుకుని చెప్పడం మొదలుపెట్టారు. ఆ రోజు ఆయన గొంతులో ఏదో ఊపుంది. ఆమె వేళ్లు వానచినుకుల్లా పడ్డాయి. చెప్పడం ముగిశాక తలెత్తి తెర చూసింది. తెల్లటి ఖాళీ పేజీ. మూలన గీత ఒకటి మిణుకుమిణుకుమంటోంది.

"స్వామీ, ఒక్క అక్షరం కూడా లేదు," అంది. "ఇంకొక్కసారి చెప్పండి."

"ఆ మాట వెళ్లిపోయిందమ్మా. ఇప్పుడు చెబితే వేరే మాటవుతుంది. విన్నదానివి నువ్వు, నువ్వే చెప్పు."

అంతలో ఒంగోలు ప్రెస్సుకు పేజీలు తీసుకువెళ్లాల్సిన భుజంగరావు చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. సంగతి విని, పాత ప్రూఫు కాగితం వెనక్కి తిప్పి పెన్ను తీశాడు. "చెప్పండి పిన్నిగారూ, బస్సుకు వేళవుతోంది."

మొదటి వాక్యం దొరకలేదు. రెండోది వచ్చింది. ఆ తరువాత మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. చెబుతూ చెబుతూ ఆమె లేచి నిలబడింది కూడా. చెంపలు వేడెక్కాయి. ఇంతసేపు ఇంత ధాటిగా ఆమె మాట్లాడగా భుజంగరావు ఎన్నడూ వినలేదు.

రాసిందాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కిద్దామని అతను కూర్చుని రెండు కీలు నొక్కాడు. తెర మీద ఏమీ పడలేదు. డబ్బాల వైపు చూసి పకపకా నవ్వాడు.

"తెర ఒంగోలు బస్సెక్కింది పిన్నిగారూ, కీబోర్డు కర్నూలు బస్సెక్కింది. దాని మీట మరిచారు."

తెరను పాతదానికి తిప్పాడు. దిద్దుతూ వదిలేసిన పేజీ నడుమ, స్వామి చెప్పినదంతా పొల్లు పోకుండా పడి ఉంది. వకుళమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"రెండూ చదువు," అన్నారు స్వామి.

భుజంగరావు ముందు తెర చదివాడు. "దాహంతో వచ్చినవాణ్ణి ఊరడగకు, పేరడగకు. ముందు నీళ్లివ్వు. కడవలో నీళ్లు తక్కువున్న సంగతి వాడికి తెలియనివ్వకు." ఇంకా చాలా ఉంది. తరువాత కాగితం అందుకున్నాడు. అందులో సగానికి సగం లేదు. ఉన్నదీ ముందువెనుకలైంది. చివరికొచ్చేసరికి అతను ఆగాడు.

"'వాడు తాగేటప్పుడు కాస్త పక్కకు తిరుగు. నువ్వు చూస్తుంటే వాడు కడుపునిండా తాగలేడు.' ఇది స్వామి అనలేదు పిన్నిగారూ. తెర మీద లేదు."

"అన్నారయ్యా. నా చెవులతో విన్నాను."

"లేదు. కావాలంటే చూడండి."

ఆమె చూసింది. నిజంగానే లేదు. కుర్చీలో కూలబడింది. ఉన్నది పోవడమే కాక, లేనిది పుట్టుకొస్తోందన్నమాట. "చూశారా స్వామీ," అంది మెల్లగా. "ఇందుకే తప్పించమన్నాను."

భుజంగరావు ఆ వాక్యం కొట్టెయ్యబోయాడు. స్వామి అతని చెయ్యి పట్టుకుని ఆపారు. ఆయన ముందుకు వంగి ఉన్నారు. కళ్లు చిన్నపిల్లాడి కళ్లలా మెరుస్తున్నాయి.

"మళ్లీ చదువు."

చదివాడు.

"ఇంకోసారి."

మూడోసారి చదువుతూ భుజంగరావు కాగితం దించి ఆమె వైపు చూశాడు. "గుమ్మంలో బాటసారులకు నీళ్లు పోసేటప్పుడు మీరు అలాగే తిరుగుతారు కదా పిన్నిగారూ. బర్రెలు ఎటు పోయాయో చూస్తున్నారనుకునేవాణ్ణి."

తాను తిరుగుతున్న సంగతి వకుళమ్మకే తెలియదు.

"తెర మీద ఉన్నది అచ్చుకు పంపు," అన్నారు స్వామి భుజంగరావుతో. "ఆ వాక్యాన్ని దాని చివర పెట్టు."

"మరి నా ప్రశ్న, స్వామీ?"

స్వామి లేచి ఉత్తరీయం సర్దుకున్నారు. "ఎన్నేళ్లు దాచినా ఆ యంత్రంలో నా మాట అంతే ఉంటుందమ్మా. నీలో అయితే పెరిగింది. రేపు కాస్త పెందలాడే రా."