ఎర్రజెండా వెంట మూడు తెడ్లు

బోడిలంక మొత్తంలో తమ అంత తెలివైనవాళ్ళు లేరని తాతారావు, ధర్మరాజు, ఏడుకొండలు అనే ముగ్గురు అన్నదమ్ముల గట్టి నమ్మకం. ఊళ్ళో ఇంకెవరికీ ఆ నమ్మకం లేదు గానీ, వాళ్ళనెవరడిగారు? గోదావరి దాటించే రేవు పడవ వీళ్ళ నాన్నది. ఆయన పోయాక వీళ్ళు నడుపుతుంటే, జనం ఎక్కిన చోటే దిగుతున్నారు.

దాంతో ప్రెసిడెంటు గారు పడవ పందెం పెట్టారు. ఇసుకమేట మీద పాతిన ఎర్రజెండా దగ్గరికి ముందు ఎవరు చేరితే ఇక రేవు వాళ్ళదే. ఓడితే ఈ ఇంట్లో పొయ్యి వెలగదు. తల్లి మంగాయమ్మ కొడుకుల్ని కూర్చోబెట్టి చెప్పింది.

"ఒరే, మీ కంటికి కనబడే పడవ ఒక్కటి కూడా ఉండకూడదు. అన్నిట్నీ దాటెయ్యండి."

"ఆయ్, అలాగేనమ్మా," అన్నాడు తాతారావు.

ఇన్నాళ్ళూ నిలబడి గెడకర్రతో పడవ నెట్టినవాళ్ళే. పందెంలో మాత్రం పొడుగు తెడ్లు. పడవ వెళ్ళే వైపుకి వీపు పెట్టి కూర్చుని లాగాలి. కండబలానికి లోటా? కాసేపట్లోనే మిగతా మూడు పడవల్నీ వెనక పడేశారు. అంతే, అక్కడే వచ్చింది చిక్కు.

"అన్నయ్యా, మన కళ్ళెదురుగా మూడు పడవలున్నాయి," అన్నాడు ధర్మరాజు.

"అయితే మనది నాలుగోది. గట్టిగా లాగండెహె."

లాగారు. ఆ పడవలు దూరమయ్యాయి. ఇంకా లాగారు. ఇంకా దూరమయ్యాయి.

"మనం ఎంత లాగితే వాళ్ళంత ముందుకి పోతన్నారు," అని ఏడుకొండలు ఏడుపు లంకించుకున్నాడు.

అప్పటికి జెండా వాళ్ళ వీపులకి బారెడు దూరంలో ఉంది. కానీ అమ్మ మాట గుర్తొచ్చింది. ఇంకేముంది, తెడ్లు ఎదురు తోశారు. నోళ్ళు తెరుచుకు చూస్తున్న మూడు పడవల్నీ దాటేసి, బయల్దేరిన రేవుకే చేరారు.

"ఇప్పుడు మా కంటికి ఒక్క పడవ కనబడితే ఒట్టు," అన్నాడు తాతారావు తల్లితో.

మంగాయమ్మ నెత్తి బాదుకుంది. ప్రెసిడెంటు గారి కాళ్ళా వేళ్ళా పడి ఇంకో పందెం అడిగింది. గెలిచినవాళ్ళు కూడా "పెట్టండి, మళ్ళీ నవ్వుకోవచ్చు" అన్నారు. పక్కింటి పొయ్యి ఆరిపోతుంటే చూడ్డం ఊరికి భలే సరదా.

"ఈసారి పడవల్ని చూడకండ్రా. కళ్ళు జెండా మీదే పెట్టండి. అది చేతికొచ్చేదాకా తెడ్డు మాత్రం ఆపకండి," అంది మంగాయమ్మ.

అన్నదమ్ములు బుర్రలు కలిపారు. జెండా ఏమో వీపు వెనక, కళ్ళేమో ముందు. ఎలా చూడటం? పందెం రోజు పొద్దున్నే ఇసుకమేట మీది జెండా పీకి తెచ్చి, తమ పడవ చివర సరిగ్గా కళ్ళెదుట కట్టుకున్నారు. ఇంత తెలివి ఇంకెవరికి ఉందని ఒకరి వీపు ఒకరు తట్టుకున్నారు కూడా.

పందెం మొదలైంది. మిగతావాళ్ళు జెండా కోసం ఇసుకమేట చుట్టూ తిరుగుతూ ఉండిపోయారు. వీళ్ళు ఇసుకమేట దాటారు. పక్కూరి రేవు దాటారు. మంగాయమ్మ గట్టు వెంట కేకలేస్తూ పరిగెత్తి, ఇక పరిగెత్తలేక కూలబడింది. ఉన్న ఒక్క పడవా పోయాక రేవు ఎవరిదైతే ఏం.

నీళ్ళు ఉప్పగా మారాయి. అలలు లేచాయి.

"అన్నయ్యా, ఇంత లాగినా జెండా అడుగు కూడా దగ్గరవదేంటి? చెయ్యి చాపితే అందేలాగుంది," అన్నాడు ఏడుకొండలు.

"చెయ్యి చాపాలంటే తెడ్డు ఆపాలి కదరా. అమ్మ ఆపొద్దంది. లాగు," అన్నాడు తాతారావు.