దివానుగారి దవడ

మల్లెకొండ సంస్థానంలో దివాను భైరవయ్య ఎవరి మొరనీ చివరిదాకా వినేవాడు కాదు. రెండో మాటకే "తెలిసింది, ఇక వెళ్లు" అనేసేవాడు. విరిగిన ఎముకలు సరిచేసే పోలమ్మ తమ ఊరి కాలువ గురించి మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ ఆ మాటే విని వెనుదిరిగింది. ఊళ్లో పైరు ఎండిపోతోంది.

నాలుగోసారి ఆమె మొదలుపెట్టగానే దివాను పెద్దగా ఆవలించాడు. తెరిచిన నోరు మళ్లీ మూతపడలేదు. దవడ పట్టేసింది. ఆస్థాన వైద్యుడు తైలాలు రాసి రాసి, చివరికి ఇది గ్రహదోషమని తేల్చాడు. దివాను కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి.

పోలమ్మ బొటనవేళ్లకు గుడ్డ చుట్టుకుని, ఆయన వెనక పళ్ల మీద ఆనించి, కిందికి నొక్కి వెనక్కి నెట్టింది. దవడ టక్కున తన చోట్లో పడింది. వెంటనే గడ్డం కిందనుంచి నెత్తిమీదికి గట్టిగా కట్టు కట్టేసింది.

"మూడు రోజులు నోరు మెదపకూడదు బాబూ. మెదిపితే మళ్లీ జారుతుంది" అని చెప్పి, తీరిగ్గా ఎదురుగా కూర్చుంది. "ఇక మా కాలువ సంగతి వినండి."

దివాను మొదటిసారి ఒక మొర పూర్తిగా విన్నాడు. నీళ్లకు అడ్డుకట్ట వేసింది తన బావమరిదేనని అప్పుడే తెలిసింది. కట్ట తెంచమని తన చేత్తోనే రాసిచ్చాడు. కబురు తెలిసి ఆ మూడు రోజులూ జనం కచేరీకి బారులు తీరారు.

నాలుగోనాడు పోలమ్మ కట్టు విప్పింది.

"ఈ దవడకు నిజంగా మూడు రోజులు కావాలా?" అని అడిగాడు దివాను.

"దవడకు ఒక రోజు చాలు బాబూ," అంది పోలమ్మ. "మిగతా రెండు రోజులూ చెవుల కోసం."