రాచకొలత గుండు

ఒకానొక రాజ్యం ఉండేది, పేరు కాకిబండ. రాజ్యమన్నాను కదా అని మరీ పెద్దది ఊహించుకోకండి. కోడికూతకు ఈ పొలిమేరలో బయలుదేరినవాడు పొద్దుగూకేలోగా ఆ పొలిమేర దాటి, పక్క రాజ్యంలో సంగటి తిని పడుకోవచ్చు. అయితేనేం, దాన్ని ఏలే ఉగ్రభూపతి గారికి మాత్రం భూమండలమంతా తనదే అన్నంత దర్పం.

ఆ దర్పానికి తగ్గ ఆచారం కూడా ఒకటుండేది అక్కడ. రాజుగారి ముత్తాత పెట్టిపోయాడు. దాని పేరు రాచకొలత. జనానికి ఏది ఒకటైతే రాజుకు అది ఒకటీ పావు, అంటే సవా. రాజుగారి విస్తరి సవా, గొడుగు సవా, తలగడ సవా. ఆఖరికి పులుసులో ఉప్పు కూడా సవాపాలే! పాపం ఆయన మొహం చిట్లించకుండా తిని, పక్కకు తిరిగి చెంబెడు నీళ్ళు తాగేవాడు. ఏం చేస్తాడు, ఆచారం కదా.

ఆ ఏడు రేవు వర్తకులు రాజుగారికి కొత్త తుపాకి ఒకటి అమ్మారు. పొడుగాటి గొట్టం, నగిషీ చెక్కిన కొయ్యపిడి. మహర్నవమి నాడు ఆయుధపూజ కాగానే తానే దాన్ని పేల్చి, జనమంతా చూస్తుండగా గుంజకు కట్టిన బూడిదగుమ్మడికాయను పగలగొడతానని రాజుగారు చాటింపు వేయించారు.

తుపాకి ఉంటే చాలదు కదా, గుండూ మందూ ఎంచాలి. కోటలో ఆ పని దూదేకుల హుస్సేనప్పది. ఒకప్పుడు వేటకు పెట్టింది పేరు, ఇప్పుడు గడ్డం నెరిసింది. చిటికెడు మందు తెల్లగుడ్డ మీద పోసి నిప్పంటించేవాడు. గుడ్డ మాడకుండా మందు భగ్గుమని పోతే సరే, మసి మిగిలిందా ఆ మందు పక్కన పెట్టేవాడు. తర్వాత సీసపు గుండును గొట్టం నోట్లో పెట్టి కడ్డీతో నెట్టి చూసేవాడు. అది అడుగుదాకా దిగి మందు మీద కూర్చోవాలి.

"గుండు కొత్తల్లుడి మాదిరి నెమ్మదిగా లోపలికి పోవల్ల. ఎద్దు మాదిరి కుమ్ముకోని పోకూడదు" అనేవాడు.

ఈసారి దళవాయి ఓబుళరాజు అడ్డు తగిలాడు. దళవాయి అంటే సేనకంతా పెద్ద. ఈయన యుద్ధం చేసింది తక్కువ, మీసాలు దువ్వింది ఎక్కువ.

"ఏమిటీ! సిపాయి పేల్చే గుండే ప్రభువులూ పేల్చడమా? రాచకొలత ఏమైపోవాలి?" అన్నాడు నిండుకొలువులో.

రాజుగారు ఉబ్బి తబ్బిబ్బయ్యారు. ఇంకేముంది, కొత్త అచ్చు తీయించారు. బరువులో సవాపాలు గుండు, సవాపాలు మందు సిద్ధమయ్యాయి. గొట్టం మాత్రం రేవులో కొన్నదే, అది ఎవరికోసమూ లావెక్కదు కదా.

ఆ మధ్యాహ్నం ఆస్థానకవి చెన్నుభట్టు అరుగు మీద కూర్చుని వక్కలు కత్తిరించుకుంటుంటే హుస్సేనప్ప వచ్చి స్తంభానికి చేరగిలబడ్డాడు.

"సామీ, నా పని అయిపోయినట్టే" అన్నాడు.

"ఏమయిందయ్యా?"

"ఆ గుండు గొట్టంలో పట్టేది కాదు. సుత్తి పెట్టి కొడితే సగం దూరం దిగి ఆడ్నే ఇరుక్కుంటాది. అడుగున మందు, పైన గుండు, నడాన సందు. నిప్పు తగిలితే గుండు కదలదు, గొట్టమే పగుల్తాది. రాజు పేల్చేముందు ఒకసారి పేల్చి చూపించేది నేను గదా! రేపు పొద్దున్నే అంట. కాదంటే కొరత వేసి చంపుతారు. పేల్చినా పోతా, పేల్చకున్నా పోతా."

"రాజుగారికి చెప్పావా?"

"చెప్పకుండా ఉంటానా? రాచకొలతకే వంక పెట్టేంతటోడివా అని కసిరినాడు."

చెన్నుభట్టు చెయ్యి తనకు తెలియకుండానే మొలతాడు దగ్గరికి పోయింది. ఆ మొలతాడుకు రేగిపండంత సీసపు గుండు ఒకటి కట్టుకుని ఉండేవాడాయన. కొన్నేళ్ళ కిందట అడవిదారిలో ఎలుగుబంటి తన మీద పడినప్పుడు, దూరం నుంచి ఒక్క దెబ్బకు దాన్ని పడగొట్టింది ఈ హుస్సేనప్పే. చచ్చిన ఎలుగులోంచి తీయించిన గుండు అది. స్నానం చేసేటప్పుడల్లా అది చేతికి తగిలేది, తగిలినప్పుడల్లా ఆయన మనసులోనే హుస్సేనప్పకు దండం పెట్టుకునేవాడు. ఈ రుణం ఎన్నటికి తీరుతుందా అని దిగులు కూడా పడేవాడు. అట్లాంటి మనిషి ఇవాళ ఎదురుగా నిలబడి ఇట్లా అంటుంటే చెన్నుభట్టు అడకత్తెర పక్కన పెట్టి లేచాడు.

"నీ మాట రాజు వినడు. నా మాటా వినడు. ఆయన వినేది వాళ్ళ ముత్తాత మాట ఒక్కటే. మనమూ ఆ మాటే చెబుదాం. నువ్వు ఇంటికి పోయి కడుపునిండా తిను" అన్నాడు.

మర్నాడు కోట వెనక మైదానంలో అందరూ చేరారు. రాజుగారు సవా గొడుగు కింద సవా పీట మీద కూర్చున్నారు. తుపాకిలో సవా మందు పోశారు. గుండును ఇద్దరు మనుషులు కడ్డీ పెట్టి సుత్తితో కొట్టి కొట్టి లోపలికి దించారు. సగం దూరం పోయాక అది మరి కదిలితే ఒట్టు. "చాల్లే, గట్టిగా కూర్చుంది!" అన్నాడు దళవాయి. హుస్సేనప్ప కళ్ళు మూసుకుని అల్లాను తలుచుకుని, తుపాకి మీద చెయ్యి వేశాడు.

"ఆగండాగండి! ప్రభూ, ఘోరమైన అపచారం జరిగిపోతోంది!" అని చెన్నుభట్టు పరుగెత్తుకొచ్చాడు.

"ఏమిటది?" అన్నారు రాజుగారు ఉలిక్కిపడి.

"గుండు ఎంత ప్రభూ?"

"సవా."

"మందు?"

"సవా."

"మరి పరీక్షించే మనిషి? హుస్సేనప్ప ఒక్కడే! సిపాయి తుపాకికీ ఒక్క మనిషే, ప్రభువుల తుపాకికీ ఒక్క మనిషేనా? తమ ముత్తాతగారు పైనుంచి చూస్తే ఏమనుకుంటారు?"

రాజుగారు నాలుక కరుచుకున్నారు. "నిజమే సుమా! సవా మనిషి ఉండాలి. కానీ పావు మనిషిని ఎక్కణ్ణించి తెస్తామయ్యా?"

"పావు మనిషి దొరకడు కానీ, మనిషిలో పావు దొరుకుతుంది ప్రభూ. హుస్సేనప్ప ఎటూ నిండు మనిషి. ఆ పావుకు ఇంకొకరి చెయ్యీ చెంపా తుపాకికి ఆనిస్తే చాలు. రాచకొలతను నిలబెట్టిన దళవాయిగారికి కాక ఆ గౌరవం ఇంకెవరికి దక్కాలి?"

"భేష్! దళవాయీ, పో, చెంప ఆనించు!"

ఓబుళరాజు మీసాలు వడిలిపోయాయి. సుత్తి దెబ్బలు ఆయన కూడా విన్నవాడే.

"మహాప్రభూ, ఇవాళ నాకు భుజం పట్టేసింది."

"ఏ భుజం?" అన్నాడు చెన్నుభట్టు.

"రెండూ!"

"చెంప బాగానే ఉన్నట్టుందే?"

"పన్ను నొప్పి!"

"అయ్యో, దీనికి మించిన వైద్యం లేదు దళవాయిగారూ. ఒక్కసారి పేలిందంటే నొప్పీ ఉండదు, పన్నూ ఉండదు."

జనం కిసుక్కుమన్నారు. రాజుగారు నవ్వలేదు. "పోతావా, పోవా?" అని గద్దించారు. ఓబుళరాజు ధబాలున కాళ్ళ మీద పడ్డాడు.

"రక్షించండి ప్రభూ! గుండు సగంలో ఇరుక్కుంది. పేలితే ఏమవుతుందో నాకే భయంగా ఉంది. తమరు సంతోషిస్తారని అన్నానే కానీ, అంతకుమించి నాకేమీ తెలియదు!"

రాజుగారు ఒకసారి తుపాకి వైపు, ఒకసారి దళవాయి వైపు చూశారు. తర్వాత మెల్లగా అన్నారు. "పావు మనిషిగా తాకడానికి నువ్వు వణికే తుపాకిని, నవమి నాడు నేను నిండు మనిషిగా చెంపకు ఆనించుకోవాలా?"

ఆ మీదట తుపాకిని ఒక పాతబండికి కట్టేశారు. కొయ్యపిడి పక్కన, పేల్చేవాడి తల ఉండే చోట ఒక గుమ్మడికాయ పెట్టించాడు చెన్నుభట్టు. నూనెలో నానబెట్టిన పొడుగాటి తాడు చివర నిప్పంటించి, అందరూ మట్టిగోడ వెనక్కి పోయారు.

ఢామ్మని పేలింది. పొగ విడిపోయాక చూస్తే గొట్టం ఎండిన మునక్కాయలా నిలువునా చీలిపోయి ఉంది. గుమ్మడికాయ మాత్రం ఎక్కడా లేదు.

రాజుగారు తన చెంప తడుముకున్నారు. ఒకటి కాదు, రెండు చెంపలూ తడుముకున్నారు. గోడ వెనకనుంచి ముందుకు వచ్చి హుస్సేనప్ప రెండు చేతులూ పట్టుకున్నారు.

"నువ్వు చెబితే వినకపోగా కసిరాను. ఈ పూట నేను బతికున్నానంటే నీ చలవ, ఈ భట్టు చలవ. ఎంత రాజునైనా నాకుండేది ఒక్క ప్రాణమేనయ్యా. ముత్తాతగారు దాన్ని మాత్రం సవా చెయ్యలేకపోయారు!" అని, తన మాటకు తానే పకపకా నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

మహర్నవమి నాడు రాజుగారు హుస్సేనప్ప ఎంచి ఇచ్చిన మామూలు గుండుతో, మామూలు తుపాకితోనే పేల్చారు. గుమ్మడికాయ పగిలింది. ఆ పూట పులుసులో ఉప్పు కూడా మామూలుగా వేయమన్నారట. ఒక ముద్ద తిని, "ఆహా, పులుసంటే ఇట్లా ఉంటుందా!" అన్నారట. కోట మందుగుండంతా ఎంచే అధికారం హుస్సేనప్పకు ఇచ్చారు. దళవాయికి మాత్రం పన్ను పీకించారు. నొప్పి ఉందన్నాడు కదా మరి!

చెన్నుభట్టుకు నిండుకొలువులో పట్టుశాలువా కప్పారు. ఆఖరిసారిగా రాచకొలతలో నేయించిన శాలువా అది. భుజం మీద వేసుకుంటే పావువంతు నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది.

ఆయన దాంతోనే నేరుగా హుస్సేనప్ప ఇంటికి పోయి, చాకుతో ఆ పావువంతు కత్తిరించాడు. పెద్దముక్క హుస్సేనప్పకు కప్పి, చిన్నముక్క తన భుజాన వేసుకున్నాడు.

"అదేంది సామీ, తిరగేసినావు? నన్ను కాపాడింది నువ్వు గదా, నిండుది నీకు రావల్ల!" అన్నాడు హుస్సేనప్ప.

చెన్నుభట్టు మొలతాడుకున్న గుండు చూపించాడు.

"ఇది ఆ రోజు గురి తప్పి ఉంటే, శాలువా కప్పించుకోవడానికి నాకు భుజాలు ఎక్కడివయ్యా?" అన్నాడు.